పేరు లేనివాళ్ళ టేబులు

మా మేనత్త తన పదహారు నోటుబుక్కుల్నీ గోదాట్లో కలిపేసిందంటే దానికి కారణం నేనే. "అంతా కంప్యూటర్లో ఉందత్తా, ఇంక వీటితో పనిలేదు" అన్నది నేను. పడవలో ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో పుస్తకం చేతికి అందించిందీ నేనే. ఇరవయ్యేళ్ళకు పైగా డేటాబేసులతో కాపురం చేస్తున్నాను. ఎక్కడెక్కడి కంపెనీల సమాచారమో నా చేతుల మీదుగా నడిచింది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా పది సార్లు వెనక్కి వెళ్ళి చూస్తానని నా టీములో పిల్లలు నవ్వుకుంటారు. ఈ చాదస్తం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నేను కంప్యూటర్ నేర్చుకుంది అమలాపురంలో, ఒక బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న ఇన్‌స్టిట్యూట్లో. ఇల్లూ గుడీ కాకుండా నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది అక్కడే. దుమ్ము పడితే మెషిన్లు పాడైపోతాయని సారు గుమ్మం దగ్గరే నిలబడి అందరి కాళ్ళూ చూసేవారు. గది నిండా ఏసీ చల్లదనం, కొత్త ప్లాస్టిక్ వాసన, కింద కొట్లోంచి గంజిపెట్టిన చీరల వాసన. మెషిన్లు నాలుగు, మేము పన్నెండు మందిమి. ఒకళ్ళు టైపు చేస్తుంటే వెనకాల ఇద్దరు తప్పులు పట్టేవాళ్ళు. టైపు చెయ్యడం కంటే తప్పులు పట్టడంలోనే నేను ముందు పేరు తెచ్చుకున్నాను. కరెంటు పోగానే మూలనున్న యూపీఎస్ గోల పెట్టేది. "సేవ్ చెయ్యండి, సేవ్ చెయ్యండి" అని సారు అంతకంటే గట్టిగా గోల పెట్టేవారు. ఇప్పటికీ కరెంటు పోతే నా చెయ్యి దానంతట అది సేవ్ నొక్కడానికి వెళ్ళిపోతుంది.

డేటాబేసు అనేదాన్ని మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. మా క్లాసులో వాళ్ళ పేర్లూ ఊళ్ళూ ఒక టేబుల్లో వేయించి, "కొత్తపేట వాళ్ళెవరో అడుగు" అన్నారు సారు. అడిగాను. కళ్ళు మూసి తెరిచేలోగా ముగ్గురి పేర్లు ఏరి చూపించింది. అంతే, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని. ఇంటికెళ్ళి కనిపించిన ప్రతిదాన్నీ కాగితం మీద గళ్ళు గీసి టేబుళ్ళుగా రాయడం మొదలుపెట్టాను. దొడ్లో కొబ్బరిచెట్లకి నంబర్లు, ఏ చెట్టు ఎన్ని కాయలు కాసిందో ఒక గడి. అటక మీది జాడీలకి నంబర్లు. మా అమ్మ కొన్నాళ్ళు ఊరుకుని, "ఆవకాయ జాడీకి కూడా నంబరేంటే, తినేటప్పుడు హాజరు పిలుస్తావా?" అని అడిగింది.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. అట్ట గోడల మధ్య చిన్న గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక మెషిన్. ఫోన్ లైను కీచుకీచుమని కాసేపు ఏడ్చి కనెక్టయ్యేది. ఒక ఫొటో పైనుంచి కిందికి దిగేలోగా బయట కొబ్బరికాయల లారీ సగం నిండిపోయేది. నేను తయారుచేసిన మొదటి వెబ్ పేజీలో అక్షరాలు కుడి నుంచి ఎడమకి పరిగెత్తేవి. ఊరికే నిలబడి ఉంటే గొప్పేముందని నా ఉద్దేశం. మా నాన్నగారిని తీసుకెళ్ళి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని కాసేపు వాటి వెంట తల తిప్పి, "బాగానే ఉందమ్మా, కాస్త ఆపితే చదువుకుంటాను" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆ పీహెచ్‌పీ కోడ్ ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది గానీ, దాన్ని రాసిన రోజులంటే మాత్రం ప్రాణం. ఆ సంబరం మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

ఆ సంబరంలోనే మా అత్త నోటుబుక్కుల మీద నా కన్ను పడింది.

అత్త గవర్నమెంటు నర్సు. రాజోలు, మలికిపురం దాటి ఇంకా దిగువకి వెళ్తే, గాలిలో ఉప్పు తగిలే చోట ఆవిడ ఉద్యోగం. చేపల వేటకి వెళ్ళే కుటుంబాలు, ఏటి ఒడ్డున గుడిసెలు, రోడ్డు కంటే పడవే దగ్గర. పెళ్ళి చేసుకోలేదు. ఆ చుట్టుపక్కల ముప్ఫయ్యేళ్ళ పాటు పుట్టినవాళ్ళందర్నీ మొదట ఎత్తుకున్నది ఆవిడే. గవర్నమెంటు రిజిస్టర్లు వేరే ఉండేవి. అవి ఆఫీసుకి వెళ్ళిపోతాయి కాబట్టి తనకోసం అట్ట పుస్తకాల్లో మళ్ళీ రాసుకునేది. ఒక్కో పుట్టుకకీ నాలుగైదు ముక్కలు. తిథి, వేళ, ఆడా మగా, తల్లి ఎలా ఉంది, పదకొండో రోజు పురుడయ్యాక పెట్టిన పేరు. అన్నింటికీ తోడు నీరు ఎలా ఉందో తప్పకుండా రాసేది. నీరు ఎక్కుతుంటే పోటు, దిగుతుంటే పాటు. "పోటు మొదట్లో", "పాటు సగంలో", "పోటు నిలిచాక". ఆ ఊళ్ళో వాళ్ళకి అదే గడియారం. అత్త చేతి గడియారం ఉప్పుగాలికి ఎప్పుడో ఆగిపోయింది, మళ్ళీ కొనుక్కోలేదు.

ఆ పుస్తకాలకి ఆ చుట్టుపక్కల మహా గిరాకీ. జాతకం రాయించుకోడానికి వచ్చేవాళ్ళు, బళ్ళో వయసు వెయ్యడానికి వచ్చేవాళ్ళు. పుస్తకాలేమో చెదలు పట్టి, వరద నీళ్ళకి ఉబ్బి, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. వీటన్నిటినీ డేటాబేసులో పెట్టేస్తానని, వెబ్ పేజీ చేస్తే ఎక్కడున్నవాళ్ళైనా పేరు కొట్టి చూసుకోవచ్చని అత్తకి చెప్పాను. ఆవిడకి సగమే అర్థమైంది. కానీ మేనకోడలు నెల్రోజులు ఇంట్లో ఉంటుందన్న మాట పూర్తిగా అర్థమైంది. "రావే, వచ్చి పెట్టు" అంది.

ఒక పెద్ద మానిటర్, సీపీయూ ఆటోలో వేసుకుని వెళ్ళాను. అత్త మంచం మీద కూర్చుని చదివేది, నేను టైపు చేసేదాన్ని. మొదటి రోజే గొడవ. పుట్టిన వేళకి నా టేబుల్లో గంటలూ నిమిషాలూ కావాలి. అత్త పుస్తకంలో పోటూ పాటూ ఉన్నాయి. "పున్నానికీ అమాసకీ పోటు ఎప్పుడొస్తుందో తెలిస్తే చాలే, అక్కణ్ణుంచి రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతూ వెళ్తుంది" అని లెక్క నేర్పింది. నేను దాన్ని గంటల్లోకి మార్చుకుని వేసేదాన్ని. బాగానే సాగింది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, తేదీ, టైము, ఊరు, చివర ఒక పెద్ద గడిలో అత్త రాసిన మాటలన్నీ తెలుగులో ఉన్నవున్నట్టు.

మూడో పుస్తకంలో అసలు గొడవ వచ్చింది. అత్త ఒక లైను చదివింది. పేరేంటని అడిగాను. పేరు లేదంది. పేరు లేకపోతే నా పేజీ ఒప్పుకోదు. ఎర్ర అక్షరాల్లో, పేరు తప్పనిసరి అని అరుస్తుంది. అలా రాయడమే సరైన పద్ధతని మా సారు నేర్పారు.

"పురుడు కాకముందే పోయిన పిల్ల. పేరెక్కడ పెడతారు?" అంది అత్త.

"పేరు లేకపోతే ఎలా వెతుకుతారత్తా? ఇది వదిలేద్దాం."

అత్త పుస్తకం మూసేసింది. "పేరు లేకపోతే పుట్టనట్టేనా? నేను నా చేతుల్తో పట్టుకున్నానే. నీ కంప్యూటర్ ఒప్పుకోకపోతే నీ కంప్యూటర్ని మార్చు. లేదంటే సర్దుకుని అమలాపురం వెళ్ళు."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. ఆవిడా అదే రక్తం. ఒక పూటంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. సాయంత్రానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. పేరున్నవాళ్ళ టేబులు ముట్టుకోకుండా, పేరు లేనివాళ్ళకి వేరే చిన్న టేబులు. అందులో రెండే గళ్ళు. తేదీ ఒకటి, అత్త రాసిన మాటలు ఒకటి. వేళ, ఆడా మగా, తల్లి సంగతి, అన్నీ ఆ మాటల్లోనే ఉంటాయి కదా, మళ్ళీ గళ్ళెందుకు? నా తెలివికి నేనే మురిసిపోయాను. అత్త ఒప్పుకుంది. అక్కడికి సమస్య తీరిందనుకున్నాను.

ఆ నెలలోనే ఒకావిడని చూశాను. వేటకి వెళ్ళే వాళ్ళావిడ, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆషాఢంలో పున్నమి వెళ్ళిన మర్నాడు వచ్చింది. చేతిలో కాగితం పొట్లం, అందులో మెత్తళ్ళు, ఎండబెట్టిన చిన్న చేపలు. పొట్లం గుమ్మం దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. అత్త ఏమీ అడగకుండా మూడో పుస్తకం తీసి, ఒక లైను చదివింది. ఆవిడ ఒక్కో ముక్కకీ "ఆయ్", "ఆయ్" అంటూ వింది. అయిపోగానే వెళ్ళొస్తానండని వెళ్ళిపోయింది. నేను టైపు ఆపలేదు.

"ఏంటత్తా అది?"

"పోయిన పిల్ల గురించి రాసిన లైను. చదువు రాదు కదా, ఏటా ఈ తిథికి వచ్చి నాచేత చదివించుకుంటుంది."

"ఏటా ఒకటే లైనా?"

"ఒకటే లైను."

పాపం అనుకుని నా పని చేసుకున్నాను. ఆ తర్వాత రెండో రోజో మూడో రోజో ఆ లైను కూడా నేనే టైపు చేశాను. ఒక్క ముక్క గుర్తులేదు. టైపు చేసే చేతులు చదవవు.

కొన్నేళ్ళకి అత్త రిటైరై అమలాపురంలో మా ఇంటికి వచ్చేసింది. బయల్దేరే ముందు అక్కడ సామాను సర్దుతుంటే ఆ పదహారు పుస్తకాలు బయటపడ్డాయి. చెదలు ఇల్లంతా పట్టేస్తాయని, అంతా కంప్యూటర్లో ఉందని నేనే అన్నాను. అత్త చాలాసేపు ఆలోచించి సరేనంది. కానీ పాతకాగితాల వాడికి ఇవ్వనంది, కాల్చనంది. మా వైపు పాత పంచాంగాల్నీ చిరిగిన పురాణాల్నీ చెత్తలో వెయ్యరు. అక్షరం కాలికి తగలకూడదని గోదాట్లో కలుపుతారు. ఇన్ని పుట్టుకలు రాసిన పుస్తకాలు పంచాంగం కంటే ఏం తక్కువని అత్త వాదన. అలా ఒక ఉదయం పడవలో ఏటి మధ్యకి వెళ్ళాం. పడవ నడిపింది ఆ మెత్తళ్ళావిడ భర్త. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవిడా వచ్చింది. అత్త ఒక్కో పుస్తకాన్నీ కళ్ళకద్దుకుని నీళ్ళలో వదిలింది. మూడోది వదిలేటప్పుడు ఆ మెత్తళ్ళావిడ నావైపు తిరిగింది.

"అమ్మాయిగారండీ, మా పిల్ల అందులో ఉందాండీ? కంప్యూటర్లో?"

"ఉందండీ. ఇంక నీళ్ళకీ చెదలకీ భయం లేదు" అన్నాను నేను, చాలా గర్వంగా.

ఆవిడ "ఆయ్" అంది. భర్త మాత్రం పడవ నడిపే గెడ పట్టుకుని నా ముఖం కాసేపు చూశాడు.

ఆ తర్వాత ఏటా ఆవిడ బస్సెక్కి అమలాపురం వచ్చేది. అత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని చదివేది. ఈ మధ్యలో ప్రపంచం చాలా మారింది. మొదట్లో ఒక ప్రత్యేకమైన ఫాంటు ఉంటేనే తెలుగు తెలుగులా కనిపించేది, లేకపోతే పిచ్చి గీతలు. తర్వాత యూనికోడ్ వచ్చి ఆ బాధ తీరింది. పాత డేటా అంతా అందులోకి మార్చి, ఫోన్లో కూడా తెలుగు కనపడుతుంటే అత్తా నేనూ చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఆ రోజుల్లోనే నాకు ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికింది. పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగుల్లో ఉండేదాన్ని. ఆవిడ ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళేదో వంటింట్లో మెత్తళ్ళ వాసన చెప్పేది.

ఒక కార్తీకంలో అత్త పోయింది. జ్వరం వచ్చి మూడు రోజులు, అంతే. నాకు ఆవిడ రెండో తల్లి. నెల తర్వాత, ఆ పేజీ నడిచే పాత సర్వర్ మూసేస్తున్నామని కబురొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మొత్తం కొత్త సర్వర్‌కి మార్చాను. అత్త లేని ఇంట్లో అత్త పని చెయ్యబుద్ధి కాక, తొందరగా ముగించాను. పేరున్నవాళ్ళ టేబులు తెరిచి చూశాను. పేర్లూ తేదీలూ అన్నీ ఉన్నాయి. చివరి గడిదాకా పోలేదు. రెండో టేబులు అసలు తెరవనేలేదు.

మరుసటి ఆషాఢంలో, అదే తిథికి, ఆవిడ వచ్చింది. అత్త ఫొటోకి దణ్ణం పెట్టుకుంది. పొట్లం గుమ్మం దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నర్సమ్మగారు లేరు కదండీ. మీరు చదువుతారని వచ్చేనండి."

ల్యాప్‌టాప్ తెచ్చి ఆవిడ ఎదురుగానే ఆ టేబులు తెరిచాను. తేదీలు వరసగా ఉన్నాయి. పక్క గడిలో ప్రశ్నార్థకాలు. ఆ లైనులోనూ, పై లైనులోనూ, కింది లైనులోనూ, తెలుగు అక్షరం ఉన్న ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. కొత్త టేబుళ్ళని తెలుగు పట్టేలా చెయ్యడం మర్చిపోయాను. పట్టని ప్రతి అక్షరాన్నీ కొత్త సర్వర్ అవతల పారేసి, దాని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఒకసారి అలా పెట్టాక దానికి తిరుగు లేదు. పేరున్నవాళ్ళకి పెద్ద నష్టం జరగలేదు. పేరు, తేదీ, టైము, ఊరు, అన్నీ ఇంగ్లీషులో నిలిచే ఉన్నాయి. పేరు లేనివాళ్ళకే ఏమీ మిగల్లేదు.

ఆవిడ తెర వైపు చూసింది. ఆవిడకి అవి అక్షరాలే. పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ ప్రశ్నార్థకాల మీద వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకుంది.

అప్పుడు నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. భయం వేసింది, సిగ్గు వేసింది, అవతల మీటింగుకి పిలుపు వస్తోంది. నోటికొచ్చింది చదివాను. "ఆషాఢ బహుళ పాడ్యమి" అన్నాను, "ఆయ్" అంది. "ఆడపిల్ల" అన్నాను. ఆడో మగో నిజానికి తెలియదు, పడవలో ఆవిడ మా పిల్ల అన్న మాట పట్టుకుని అనేశాను. "ఆయ్" అంది. అత్త రాసే ప్రతి లైన్లోనూ నీటి సంగతి ఉంటుంది కదా, లేకపోతే పట్టేస్తుందని "పోటు మీద ఉంది" అన్నాను. "తల్లి క్షేమం" అని ముగించాను. పోటు దగ్గర ఆవిడ ఆయ్ అనలేదని అప్పుడు నేను గమనించలేదు. కాఫీ ఇస్తే వద్దనలేదు, సగం తాగి గ్లాసు పక్కన పెట్టి, వెళ్ళొస్తానండని వెళ్ళిపోయింది.

ఆవిడ గేటు దాటిన దగ్గర్నుంచీ మొదలైంది నా వెతుకులాట. బ్యాకప్పులు తీశాను. వాటిలోనూ ప్రశ్నార్థకాలే, ప్రతి వారం పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకునేలా నేనే పెట్టాను. పాత సీడీ ఒకటి బీరువాలో దొరికింది. కోనసీమ చెమ్మకి దాని నిండా బూజు నరాల్లా పాకి ఉంది. మొదటి కంప్యూటర్ ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేశాం. పాత సర్వర్ వాళ్ళకి రాస్తే, అంతా తుడిచేశామని మర్యాదగా జవాబిచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో బాగా తెలిసొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టు తిరిగాను. అన్నం ముందు కూర్చుంటే ఆవిడ తెరని కళ్ళకద్దుకోవడమే కనిపించేది. పన్నెండో రోజు ఇంక ఉండలేక పొద్దున్నే బస్సెక్కాను.

రాజోలులో దిగి, ఇంకో బస్సు మారి, మలికిపురం నుంచి ఆటోలో వెళ్ళాను. అత్త ఇల్లున్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు ఉంది. నీళ్ళు చిమ్మే చక్రాలు తిరుగుతున్నాయి. ఆవిడ ఇల్లు ఏటి ఒడ్డునే, ఇప్పుడు గుడిసె కాదు, రెండు గదుల డాబా. వెనకవైపు భర్త వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి ఆవిడ కంగారుగా కుర్చీ తుడిచి వేసింది.

నేను కూర్చోలేదు. "ఆ రోజు నేను చదివింది నిజం కాదండీ" అన్నాను. "నర్సమ్మగారి అక్షరాలు పోయాయి. నేనే పోగొట్టాను. అక్కడ ఏమీ లేదు. నోటికొచ్చింది చెప్పాను."

ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా గుమ్మంలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను. 

"అదేదో అప్పుడే చెప్పొచ్చు కదండీ" అంది. "మీరు పోటని చదివేరు కదండీ. పన్నెండు రోజుల్నించీ అన్నం దిగలేదండి నాకు."

అప్పుడు చెప్పింది. ఒక్కో మాటా నెమ్మదిగా, వెనక భర్తకి వినపడకుండా. పిల్ల పుట్టగానే ఊపిరి సరిగ్గా లేదు. ఏరు దాటించి నరసాపురం తీసుకెళ్ళమని అత్త చెప్పింది. వాళ్ళాయన పడవేమో ఇసకలో కూరుకుపోయి ఉంది. ఆ వేళకి పాటు. ఎంత తోసినా కదల్లేదు. నీళ్ళు వచ్చేసరికి పిల్ల లేదు. తర్వాత పుట్టింటివాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ తలో మాటా అన్నారు. నీళ్ళు ఉండగానే బయల్దేరాల్సింది, వాడే బద్ధకించేడు అన్నారు. అంటూ అంటూ ఉంటే ఆయనకే తన మీద అనుమానం పట్టుకుంది.

"కళ్ళతో చూసిందే అయినా, పదిమంది కాదంటుంటే అనుమానం వస్తదండి మనిషికి. అందుకే ఏటా వచ్చి నర్సమ్మగారితో చదివించుకునేదాన్నండి. ఇంటికొచ్చి, పాటు అనే రాసేరయ్యా అని చెప్పేదాన్నండి. ఆ ఏడాదికి ఆయనకి నెమ్మదిగా ఉండేదండి." పమిటతో ముఖం తుడుచుకుంది. "ఈ ఏడు చెప్పలేదండి. అడిగేరు. అమ్మాయిగారు ఊళ్ళో లేరని చెప్పేనండి."

నేను పోటన్న ఒక్క మాటతో, ఏట్లో నీళ్ళున్నాయని, పడవ కదిలేదని, వాళ్ళ పిల్ల బతికేదని చెప్పాను. ఆ మాట ఎవరో ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, నర్సమ్మగారి రాతగా చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడ్చాను. ఆవిడే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"మీకు ఆ లైను మొత్తం గుర్తుందా అండీ?" అని అడిగాను.

"ఎందుకుండదండి."

"చెప్పండి. మళ్ళీ రాస్తాను."

ఆవిడ ఒప్పుకోలేదు. "నేను చెప్తే నేను చెప్పినట్టే ఉంటదండి. రాసినట్టు ఎలాగవుద్దండి?"

"నేను రాస్తాను కదా. రాసి చదువుతాను."

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాను. ఫోన్ నుంచి ఇంటర్నెట్ కలుపుకుని ఆ టేబులు తెరిచాను. ఈసారి తెలుగు పట్టేలా ముందే సరిచేసి ఉంచాను. ఆ ఒక్క వరసలో ఉన్న ప్రశ్నార్థకాలన్నీ చెరిపేశాను. ఆవిడ చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, అత్త ఆపే చోటల్లా ఆపుతూ చెప్పింది. ఇరవయ్యేళ్ళ కిందట తలెత్తకుండా టైపు చేసిన మాటల్ని ఈసారి ఒక్కొక్కటీ విని టైపు చేశాను.

"ఆషాఢ బహుళ పాడ్యమి. మధ్యాహ్నం, అన్నాల వేళ. ఆడపిల్ల. ఊపిరి తక్కువ. నరసాపురం వెళ్ళాలి. పాటు. పడవ ఇసక మీద ఉంది. నీళ్ళు లేవు. పోటు వచ్చేసరికి పిల్ల లేదు. తల్లి క్షేమం. ఎవరి తప్పూ లేదు."

చివరి మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి. అత్త ముప్ఫయ్యేళ్ళ రాతంతా ఒకసారి నా చేతుల మీదుగా వెళ్ళింది. తప్పూ ఒప్పూ ఆవిడ ఎప్పుడూ రాయలేదు. చూసిందే రాసేది. ఈ మాట పుస్తకంలో ఉందా? పుస్తకంలో లేకపోయినా అత్త ఏటా చేర్చి చదివేదా? ఈవిడే ఇప్పుడు కలిపిందా? సమాచారం సరిచూడటమే నా బతుకుతెరువు. తిథి ఉంది, వేళ ఉంది, ఆ రోజు నీరెలా ఉందో లెక్క వెయ్యడం తెలుసు. వెయ్యలేదు. ఆ మాట కూడా టైపు చేసి సేవ్ నొక్కాను.

ఆవిడ కళ్ళు తెరిచి, వెనకవైపుకి కేకేసింది. "ఇదిగో, ఓసారి ఇలా రా. నర్సమ్మగారి మేనకోడలుగారు వచ్చేరు. చదువుతారంట."

ఆయన వల పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆ లైను తన చెవులతో వినలేదు. నేను లేచి నిలబడి, మొదటి నుంచీ చివరిదాకా, తొందరపడకుండా చదివాను. భార్య ఒక్కో ముక్కకీ "ఆయ్" అంది. ఆయన తలొంచుకుని విన్నాడు.  అయిపోయాక గుమ్మం దాటి లోపలికి వచ్చి, నా పక్కగా వంగి, తెర మీది అక్షరాల్ని చూశాడు.

"పాటేనాండీ?" అని అడిగాడు.

"పాటేనండీ" అన్నాను. ఆ అక్షరాల కింద వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ రాసుంది."